తుంగభద్రకు అటూ ఇటూ: మత రాజకీయం ఓటు దారి పట్టిన కథ

దక్కనులో ఇస్లాం పేరు మీద నడిచిన రాజకీయానికి రెండు పాయలున్నాయి. రెంటి మూలాలూ హైదరాబాద్ సంస్థానంలోనే ఉన్నాయి. ఒకటి 1927లో హైదరాబాదులో మొదలైన మజ్లిసే ఇత్తెహాదుల్ ముస్లిమీన్. రెండోది ఔరంగాబాదులో పుట్టి, హైదరాబాదులో పత్రిక నడిపిన మౌలానా అబుల్ ఆలా మౌదూదీ ఆలోచనల్లోంచి వచ్చిన జమాతే ఇస్లామీ. మొదటిది తుపాకీ దాకా వెళ్లి ఓడిపోయి, దాదాపు పదేళ్ల తర్వాత మున్సిపల్ వార్డుల్లో మళ్లీ లేచింది. రెండోది ఓటు వేయడమే తప్పని మొదలై, ఓట్లడిగే పార్టీ వెనక నిలబడేదాకా వచ్చింది. తుంగభద్ర దాటి దక్షిణానికి వస్తే, అనంతపురం మెట్టనేలల్లో ఈ రెండు పాయలకూ పారకం దొరకలేదు. అక్కడ ఎందుకు పారాయో, ఇక్కడ ఎందుకు ఇంకిపోయాయో చెప్పే కారణాలు చాలావరకు ఒకటే.

ఆ తేడాకు పునాది 1800లో పడింది. టిప్పు సుల్తాన్‌తో జరిగిన యుద్ధాల్లో తన వాటాగా దక్కిన ప్రాంతాలను నిజాం అలీఖాన్ సైన్యం ఖర్చు కింద ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. బళ్లారి, కడప, ఇప్పటి అనంతపురం ప్రాంతాలు అలా దత్తమండలాలయ్యాయి. థామస్ మన్రో వచ్చి రైతువారీ పద్ధతి పెట్టాడు. 1882లో బళ్లారి నుంచి విడదీసి అనంతపురాన్ని వేరే జిల్లా చేశారు. నదికి ఉత్తరాన గద్దె మీద ముస్లిం రాజు ఉన్నాడు. జాగీర్లు, పోలీసు, కచేరీ, ఉర్దూ చదువు ఆయన చుట్టూ తిరిగేవి. దక్షిణాన ఆ అండ ఒక్క సంతకంతో పోయింది. అనంతపురం, గుత్తి, కదిరి, హిందూపురం ముస్లింలలో ఎక్కువమంది దూదేకులు, చిల్లర వ్యాపారులు, చేతిపనివాళ్లు, కొద్దిపాటి మెట్ట సాగుచేసుకునే రైతులు. కాపాడుకోవాల్సిన రాజ్యమేదీ వాళ్లకు లేదు. ఈ మాట చిన్నదిగా కనిపించినా తర్వాతి రెండువందల ఏళ్ల కథంతా దీనిమీదే ఆనుకుని ఉంది.

మతం ఇక్కడ ఎలా బతికిందో చూడాలంటే మొహర్రం రోజుల్లో నార్పల మండలం గూగూడుకు పోవాలి. కుళ్లాయప్ప పీరు పేరుతో జరిగే ఆ ఉత్సవంలో గుండం తొక్కేవాళ్లలో, చక్కెర చదివింపులు తెచ్చేవాళ్లలో ఎక్కువమంది హిందువులే. పెద్ద సరిగెత్తు రాత్రి పీర్లను ఊరేగిస్తారు. తెల్లవారేసరికి గుండంలో కట్టెలు కణకణలాడే నిప్పులవుతాయి. పీరును ఎత్తుకున్నవాడు ఆ నిప్పుల మీద నడుస్తుంటే పక్కనే నిలబడ్డ ముసలమ్మ గుప్పెడు చక్కెర పంచుతుంది. పుట్టిన బిడ్డకు కుళ్లాయప్ప అనో కుళ్లాయమ్మ అనో పేరు పెట్టుకునే ఇళ్లు జిల్లా అంతటా ఉన్నాయి. ఆ పేరు విని మతం చెప్పడం కుదరదు. పెనుకొండ బాబయ్య దర్గాకు వచ్చే జనమూ ఇంతే. శుద్ధమైన ఇస్లాం కావాలనే ఉద్యమాలన్నింటికీ ఇలాంటి ఆచారాలు కంటిలో నలుసు. అలాంటి ఉద్యమం ఇక్కడ నిలబడాలంటే ముందు సొంత జనంతోనే వాదం పెట్టుకోవాలి, ఓట్ల సంగతి ఆ తర్వాతే.

ఉత్తరాన కథ వేరు. మజ్లిస్ మొదట్లో ముస్లింలలోని వివిధ వర్గాలను ఒకచోట కూర్చోబెట్టే మత, సాంస్కృతిక సంఘం. 1930ల చివర్లో బహదూర్ యార్ జంగ్ నాయకత్వంలో అది రాజకీయ శక్తి అయింది. ఆయన ఉపన్యాసానికి జనం రాత్రంతా కూర్చునేవారు. హైదరాబాదులో రాజ్యాధికారం ఒక్క నిజాంది కాదు, ముస్లిం సమాజానిది, ప్రతి ముస్లిమూ పాలకుడే అన్నది ఆయన చెప్పిన సిద్ధాంతం. ‘అనల్ మాలిక్’ అన్న అరబీ నినాదం దానికి గుర్తు. ఈ మాట వెనక లెక్క ఒకటుంది. సంస్థానం జనాభాలో ముస్లింలు సుమారు ఎనిమిదిలో ఒకరు. బాధ్యతాయుత ప్రభుత్వం కావాలని స్టేట్ కాంగ్రెస్, ఆంధ్ర మహాసభ అడుగుతుంటే, అది వస్తే ఏమవుతుందో మజ్లిస్‌కు తెలుసు. తలకొక ఓటు అంటే చేతిలో ఉన్న రాజ్యం పోవడమే. వాళ్లు ప్రజాస్వామ్యాన్ని కాదన్న కారణాల్లో మతగ్రంథం కన్నా జనాభా లెక్కలే ఎక్కువ పనిచేశాయి.

1944లో బహదూర్ యార్ జంగ్ హఠాత్తుగా చనిపోయాడు. రెండేళ్లకు లాతూరు వకీలు ఖాసిం రజ్వీ చేతికి సంస్థ వచ్చింది. మజ్లిస్ స్వచ్ఛంద దళంగా ఉన్న రజాకార్లు సాయుధ ముఠాలుగా మారి తెలంగాణ పల్లెల మీద పడ్డారు. వాళ్లు ఊచకోత కోసిన బైరాన్‌పల్లి పేరు చెబితే చాలు, ఆ తరానికి ఇంకేం చెప్పనక్కర్లేదు. సంస్థానం భారత యూనియన్‌లో చేరాలని రాసిన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో నడివీధిలో చంపారు. ఆయన కూడా ముస్లిమే. సరిహద్దు ఊళ్ల జనం కృష్ణ, తుంగభద్ర దాటి మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల్లోకి వలస వచ్చారు. 1948 సెప్టెంబరు 13న మొదలైన భారత సైన్యపు ‘పోలీసు చర్య’ 17కల్లా ముగిసింది. ఆ తర్వాత మరాఠ్వాడా, కన్నడ, కొన్ని తెలుగు ప్రాంతాల్లో ముస్లింల మీద ప్రతీకారం విరుచుకుపడింది. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం మృతుల సంఖ్యను 27 వేల నుంచి 40 వేల దాకా అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. రజ్వీ చేసిన సాహసానికి మూల్యం కట్టింది చాలావరకు రజాకార్లతో సంబంధమే లేని రైతు, కూలి ముస్లింలు.

మజ్లిస్‌ను నిషేధించారు, రజ్వీని జైల్లో పెట్టారు. అదే సంస్థానంలో, అవే సంవత్సరాల్లో మరో సాయుధ ఉద్యమం కూడా ఓటు వైపు తిరిగింది. 1951లో పోరాటం విరమించిన కమ్యూనిస్టులు 1952 ఎన్నికల్లో నల్లగొండలో రావి నారాయణరెడ్డిని అఖండమైన మెజారిటీతో గెలిపించుకున్నారు. అదే ఎన్నికల్లో అనంతపురంలో తరిమెల నాగిరెడ్డి జైల్లో ఉండి నీలం సంజీవరెడ్డిని ఓడించారు. ఎన్నికల్లోకి దిగినవాడు మెత్తబడతాడన్న సూత్రానికి నాగిరెడ్డి జీవితమే ఎదురు సాక్ష్యం. ఏళ్ల తరబడి చట్టసభల్లో కూర్చున్నాక 1969లో శాసనసభ్యత్వానికి రాజీనామా చేసి, ఆయన విప్లవ మార్గం పట్టారు. అనంతపురం పాఠకుడికి సూత్రాల మీద అనుమానం సహజంగానే ఉంటుంది.

రజ్వీ 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. వెళ్తూ మిగిలిన సంస్థను వకీలు అబ్దుల్ వాహెద్ ఒవైసీకి అప్పగించాడు. ఒవైసీ భారత రాజ్యాంగానికి లోబడి నడిచే పార్టీగా మజ్లిస్‌ను తిరిగి రాసుకున్నారు. పేరు పాతదే, నియమావళి కొత్తది. 1958లో ప్రభుత్వం ఆయన్ని కొన్ని నెలలు జైల్లో ఉంచింది. బయటికి వచ్చాక పార్టీ ఎంచుకున్న మెట్టు పార్లమెంటు కాదు, హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్. ఆయన కుమారుడు సలావుద్దీన్ ఒవైసీ ముందు కార్పొరేటర్ అయి, 1962లో పత్తర్‌గట్టి నుంచి శాసనసభకు వెళ్లారు. 1984లో హైదరాబాద్ లోక్‌సభ స్థానం గెలిచి 2004 దాకా వదల్లేదు. ఆ తర్వాత ఆ స్థానం పెద్ద కొడుకు అసదుద్దీన్‌ది.

రాజ్యం ఏలతామన్న పార్టీ రేషన్ కార్డులు ఇప్పించే పార్టీ అయింది. ఈ మార్పు పుస్తకాల్లో కన్నా పార్టీ కేంద్ర కార్యాలయం దారుస్సలాంలో బాగా కనబడుతుంది. పోలీసు చర్య తర్వాత ప్రభుత్వం తీసుకున్న ఆ ఆవరణను మజ్లిస్ కోర్టుకెక్కి తిరిగి తెచ్చుకుంది. పొద్దున పూట అక్కడ ఎమ్మెల్యేలు, కార్పొరేటర్లు బల్లలు వేసుకుని కూర్చుంటారు. చేతిలో కాగితంతో జనం వరసలో ఉంటారు: ఒకరికి పింఛను ఆగింది, ఒకరికి నల్లా రావడం లేదు, ఒకరి కొడుకును స్టేషన్‌లో కూర్చోబెట్టారు. నాయకుడు కాగితం మీద రెండు ముక్కలు రాసి సంతకం చేసి ఫలానా అధికారి దగ్గరికి పొమ్మంటాడు. సహకార బ్యాంకు, ఇంజనీరింగ్ కళాశాల, 1980ల నడుమ వచ్చిన దక్కన్ వైద్య కళాశాల, ఆసుపత్రి, తర్వాత ఉర్దూ దినపత్రిక ఈ బల్లల చుట్టూనే పెరిగాయి. ఇన్ని ఉన్న పార్టీకి పోగొట్టుకునేది చాలా ఉంటుంది. అనుమతులు, గుర్తింపులు, స్థలాలు అన్నీ ప్రభుత్వం చేతిలోవే కాబట్టి, కాంగ్రెస్ గానీ తెలుగుదేశం గానీ తర్వాత తెలంగాణ రాష్ట్ర సమితి గానీ, ఎవరు గద్దె మీద ఉంటే వాళ్లతో మాట కలిపి ఉంచుకోవడం అలవాటైంది. 1980ల చివర్లో కాంగ్రెస్‌తో కలిసి నగర కార్పొరేషన్‌ను ఏలినప్పుడు మజ్లిస్ హిందువులను కూడా మేయర్ కుర్చీలో కూర్చోబెట్టింది. అనల్ మాలిక్ అన్న నినాదం నుంచి ఇది చాలా దూరం.

అయితే ఈ దూరాన్ని సరళరేఖగా చూస్తే పొరపాటు. పాతబస్తీలో 1978 నుంచి 1990 దాకా పదేపదే రేగిన మత కల్లోలాలు మజ్లిస్ ఎన్నికల్లో బలపడుతున్న కాలంలోవే. ఓట్ల పోటీ ఇరువైపులా మాటలకు పదును పెట్టింది. భయం పెరిగితే ఓటు గట్టిపడుతుందని అన్ని పక్షాలకూ తెలుసు. పార్టీ మెత్తబడిందని సొంతవాళ్లే తిట్టిన సందర్భమూ ఉంది. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చినప్పుడు కాంగ్రెస్ మీద మజ్లిస్ గట్టిగా నిలబడలేదని చెప్పి, శాసనసభ్యుడు అమానుల్లాఖాన్ విడిపోయి మజ్లిస్ బచావో తెహ్రీక్ పెట్టారు. 1994 శాసనసభ ఎన్నికల్లో ఆ కొత్త పార్టీకి రెండు స్థానాలు వస్తే, పాత మజ్లిస్‌కు ఒక్క చార్మినార్ మిగిలింది. అక్కడ గెలిచింది తొలిసారి పోటీ చేసిన అసదుద్దీన్. 1999లో చాంద్రాయణగుట్టలో అసదుద్దీన్ తమ్ముడు అక్బరుద్దీన్ చేతిలో అమానుల్లాఖాన్ ఓడేదాకా దారుస్సలాం ఊపిరి పీల్చుకోలేదు. అదే అక్బరుద్దీన్ 2012 చివర్లో నిర్మల్‌లో చేసిన ప్రసంగం దేశమంతా దుమారం రేపి, ఆయన్ని జైలుకు పంపింది. పదేళ్ల తర్వాత 2022లో కోర్టు ఆ కేసులను కొట్టేసింది. పార్లమెంటులో రాజ్యాంగం పట్టుకుని మాట్లాడే అన్న, సభలో చప్పట్లు కొట్టించే తమ్ముడు ఒకే పార్టీలో ఉండటం వైరుధ్యంగా కనిపిస్తుంది గానీ, ఒకే ఓటు బ్యాంకుకు రెండు తలుపులనుకుంటే అర్థమవుతుంది. ఆ మాటకొస్తే మజ్లిస్‌ను ఇస్లామిక్ రాజ్యం కోరే పార్టీ అనడం నేడు సరికాదు. అది ఒక సమాజం పేరుతో బేరమాడే పార్టీ.

ఇస్లామిక్ రాజ్యాన్ని సిద్ధాంతంగా రాసుకున్నది మౌదూదీ. 1933 నుంచి హైదరాబాదులో ‘తర్జుమానుల్ ఖురాన్’ మాసపత్రిక నడుపుతూ ఆయన వాదనకు రూపమిచ్చారు: చట్టం చేసే హక్కు దేవుడిది, జనం ఎన్నుకున్న సభ ఆ హక్కును తనదనుకోవడం తప్పు. 1938లో పంజాబు వెళ్లి, 1941 ఆగస్టులో లాహోరులో జమాతే ఇస్లామీ స్థాపించారు. దేశ విభజన తర్వాత 1948లో భారత జమాత్ వేరుపడింది. దాని తొలి సభ్యులకు ఎన్నికల్లో నిలబడటమే కాదు, ఓటు వేయడమూ నిషిద్ధం. దైవం కానిదాన్ని సార్వభౌమంగా ఒప్పుకుంటున్న వ్యవస్థలో భాగం కావడం విశ్వాసానికి విరుద్ధమని వారి వాదం.

ఆ గీత మెల్లమెల్లగా జరిగింది. దైవ ప్రభుత్వం అన్న పదం స్థానంలో ధర్మ స్థాపన అని అర్థం వచ్చే ‘ఇఖామతే దీన్’ను సంస్థ లక్ష్యంగా పెట్టుకున్నారు. ఈ మాట మసీదుకూ సరిపోతుంది, బడికీ సరిపోతుంది, సహాయ శిబిరానికీ సరిపోతుంది. 1960ల చివరికి ఓటు మీద నిషేధం షరతులుగా మారింది. అసలు మలుపు ఎమర్జెన్సీ. 1975 జులైలో ఇందిరాగాంధీ ప్రభుత్వం రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్‌తో పాటు జమాత్‌నూ నిషేధించింది. ఒకరి ముఖం ఒకరు చూడని రెండు సంస్థల కార్యకర్తలు ఒకే జైళ్లలో పక్కపక్కన పడుకున్నారు. మనుషులు చేసిన చట్టం, మనుషుల కోర్టు, మనుషుల ఓటు లేకపోతే తమలాంటివాళ్లకు ఏమవుతుందో జమాత్‌కు ఆ ఇరవై నెలలు నేర్పాయి. 1977లో సభ్యులకు ఓటు వేసే అనుమతి వచ్చింది. తిరిగి 1992 డిసెంబరులో బాబ్రీ కూల్చివేత తర్వాత కేంద్రం మరికొన్ని సంస్థలతో కలిపి నిషేధిస్తే జమాత్ న్యాయపోరాటం చేసింది. 1994 డిసెంబరు 7న సుప్రీంకోర్టు, ప్రభుత్వం ఇచ్చిన సమాచారాన్ని సరిగా పరీక్షించకుండా నిషేధాన్ని ఖాయం చేయడం చెల్లదని తీర్పు చెప్పింది. చట్టం దేవుడిదే అన్న సంస్థను కాపాడింది 1967 నాటి పార్లమెంటు చట్టంలోని ఒక విధానం. 2011లో జమాత్ అండతో వెల్ఫేర్ పార్టీ ఆఫ్ ఇండియా పుట్టింది. ఓట్లు పెద్దగా రాలేదు. కానీ 1948లో ఎవరూ ఊహించని పార్టీ అది.

ఇంటిల్లిపాదీ ఈ దారిన నడవలేదు. 1977లో అలీగఢ్‌లో జమాత్ నీడలో పుట్టిన విద్యార్థి సంస్థ సిమి కొద్దికాలానికే తల్లిసంస్థతో తెగతెంపులు చేసుకుంది. పెద్దలు రాజీపడ్డారన్నది కుర్రాళ్ల కోపం. జమాత్ 1982లో ఎస్ఐఓ పేరుతో వేరే విద్యార్థి సంఘం పెట్టుకుంది. సిమి నానాటికీ కరుడుగట్టి 2001లో నిషేధానికి గురైంది. సంస్థ మెత్తబడితే అందులోని మనుషులందరూ మెత్తబడతారని అనుకోవడానికి వీల్లేదు. కొందరు ఆ మెత్తదనం చూసే బయటికి పోతారు.

ప్రపంచంలో ఇతర చోట్ల కూడా ఫలితాలు ఇలాగే రకరకాలు. ట్యునీషియాలో ఇస్లామిక్ పార్టీ అన్నహ్దా 2011లో 217 స్థానాల సభలో 89 గెలిచి, 2016 మహాసభలో మత ప్రచారాన్ని రాజకీయం నుంచి వేరుచేసింది. అల్జీరియాలో 1992లో అలాంటి పార్టీ గెలవబోతున్న ఎన్నికలను సైన్యం ఆపితే దేశం అంతర్యుద్ధంలో పడింది. ఈజిప్టులో 2012లో ఓటుతో వచ్చిన ముస్లిం బ్రదర్‌హుడ్ అధ్యక్షుణ్ని ఏడాదికే సైన్యం దించింది. దక్కను అనుభవం వీటికి భిన్నం. ఇక్కడ ఈ ఉద్యమాలకు దేశాన్ని గెలిచే అవకాశం ఎన్నడూ లేదు; గెలవలేని చోట కూడా ఓటుకు విలువ ఉంటుందని నేర్చుకోవడమే వాటి చదువు.

జమాత్ తెలుగులోకి కూడా వచ్చింది. ‘గీటురాయి’ వారపత్రిక, ఖురాన్ అనువాదాలు, చిన్న పుస్తకాలు హైదరాబాదు నుంచి కోస్తాకూ సీమకూ చేరాయి. కానీ అనంతపురం ఆ పని ముందే చూసింది. ఇక్కడి దత్తమండల కళాశాలలో తెలుగు చెప్పిన చిలుకూరి నారాయణరావు ఖురాన్‌ను తెలుగులోకి మార్చినవారిలో మొదటి వరసలోవారు. ‘రాయలసీమ’ అన్న పేరు సూచించింది కూడా ఆయనే అంటారు. ఒక బ్రాహ్మణ పండితుడు కరువు జిల్లాలో కూర్చుని ఆ పని చేశాడంటే, ఇస్లాం గురించిన ఆసక్తి ఇక్కడ ఉద్యమం కోసం ఎదురు చూడలేదన్నమాట.

బ్రిటిష్ హయాంలో ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలుండేవి. 1946లో మద్రాసు ప్రెసిడెన్సీ ముస్లిం స్థానాలను ముస్లిం లీగ్ ఊడ్చేసింది. రాజ్యాంగం ఆ పద్ధతిని రద్దు చేయగానే అనంతపురంలో లెక్క మారిపోయింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి జిల్లాలో ముస్లింలు పదిమందిలో ఒకరికి కాస్త పైన. అదీ పట్టణాల్లో గుమిగూడి ఉన్నారు. సొంత పార్టీతో ఏ నియోజకవర్గమూ గెలవలేరు. కానీ రెండు పెద్ద పార్టీలు హోరాహోరీగా తలపడే చోట ఆ పదిశాతం ఎటు ఒరిగితే అటు గెలుపు. కాంగ్రెస్, తెలుగుదేశం, తర్వాత వైఎస్సార్ కాంగ్రెస్ హిందూపురం, కదిరిలలో ముస్లిం అభ్యర్థులకు టిక్కెట్లివ్వడం ఈ లెక్కతోనే. 2009లో హిందూపురం నుంచి తెలుగుదేశం తరఫున అబ్దుల్ ఘనీ, 2014లో కదిరి నుంచి వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున అత్తార్ చాంద్ బాషా శాసనసభకు వెళ్లారు. దూదేకులు వెనుకబడిన తరగతుల బి జాబితాలో ఎప్పటి నుంచో ఉన్నారు; 2007లో మరికొన్ని ముస్లిం వర్గాలకు ఇ విభాగం కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. బోర్లు ఎండిపోయి, వేరుశనగ మాడిపోయి, బెంగళూరు బస్సెక్కే జిల్లాలో ముస్లిం ఓటరు అడిగేది పక్కింటి రెడ్డో బోయో అడిగేదే.

ఈ నేల మజ్లిస్ కంటపడింది మాత్రం రాష్ట్ర విభజన చర్చల్లో. విభజనపై కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ ముందు మజ్లిస్ మొదటి కోరిక సమైక్య రాష్ట్రం; విడదీయక తప్పదంటే రాయలసీమను కలుపుకున్న రాయల తెలంగాణ. ఒక్క తెలంగాణ అయితే బీజేపీ బలపడుతుందని దాని భయం. రాయలసీమలోనూ ముస్లింలు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నారన్నది అందులో దాగిన కూడిక. 2013లో అనంతపురం, కర్నూలు జిల్లాలను తెలంగాణలో కలిపే ఆలోచన ఢిల్లీలో కొన్నాళ్లు నలిగింది. తాడిపత్రి నాయకుడు జేసీ దివాకర్‌రెడ్డి కూడా దాన్ని సమర్థించారు. ఆయన లెక్కల్లో ఉన్నది కృష్ణా నీళ్లు. 1800లో గీసిన గీతను చెరిపే ప్రయత్నంలో ఒక పక్క మతం లెక్క, ఇంకో పక్క నీటి లెక్క ఒకే ప్రతిపాదన మీద కలుసుకున్నాయి. అది జరగలేదు.

2021 మున్సిపల్ ఎన్నికల్లో మజ్లిస్ ఎన్నికల గుర్తు గాలిపటం హిందూపురంలో ఎగిరింది. 38 వార్డుల్లో ఒకటి దక్కింది. వేసవి వస్తే ట్యాంకర్ల కోసం బిందెలు వరసపెట్టే పట్టణం అది. ఆ కౌన్సిల్ అజెండాలో మంచినీళ్లు, మురుగు కాలువలు, వీధిదీపాలు తప్ప మరో సిద్ధాంతానికి చోటు తక్కువ.